మా అక్క రైట్ చెప్పని బండి

మా అక్క సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. చేసినన్నాళ్లూ ఆవిడ బస్సులో కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఒక చెయ్యి పైనున్న కడ్డీ మీద, రెండో చేతిలో టిక్కెట్లు, మెడలో సంచీ, నోరు మాత్రం బస్సంతా. చిల్లర లేదన్నవాడికీ, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికీ, ఆడవాళ్ల సీట్లో కూర్చుని నిద్ర నటించేవాడికీ ఎవరికి తగ్గ వడ్డన వాళ్లకి జరిగేది. ఆవిడకి ఒకటే నియమం. ఎక్కిన ఆఖరి మనిషి ఏదో ఒకటి పట్టుకుని నిలబడేదాకా ‘రైట్’ అనేది కాదు. ఆవిడ రైట్ అనందే బస్సు కదిలేది కాదు, వెనక హారన్లు ఎంత మోగినా సరే.

రిటైరయ్యాక ఆ నియమం నా నెత్తిన పడింది. నా పాత కారులో నా పక్క సీటు ఆవిడది. ఎక్కగానే చెయ్యి దానంతటదే పైకి లేచి, తలుపు మీదుండే హ్యాండిల్ని పట్టుకునేది. సర్దుకుని, అప్పుడు “రైట్” అనేది. అప్పుడు నేను బండి కదపాలి. నాకు ఒళ్లు మండేది. బండి నాది, పెట్రోలు నాది, పర్మిషన్ మాత్రం ఆవిడది. అయినా ఆ మాట వినందే నా కాలు క్లచ్ మీంచి లేచేది కాదు, అలా అలవాటైపోయింది.

మేమిద్దరం ప్రతి ఆదివారం వెళ్లేది ఒకే చోటికి. ఊరి చివర గుట్ట మీద ముసలివాళ్ల హోమ్ ఉంది. అక్క పనిచేసిన బస్సు డ్రైవరుగారు అందులో ఉంటారు. ఆయనకి చూపు దాదాపు పోయింది. ఆ గుట్ట మీదకి బస్సు లేదు. బతుకంతా బస్సులో గడిపిన ఇద్దరూ బస్సు రాని చోట కలుసుకోవాల్సొచ్చింది. పోనీ కలుసుకుని చేసేదేమిటయ్యా అంటే, పోట్లాట. ఎప్పుడో ఒకసారి అక్క స్టాపులో టీ తాగుతుంటే బస్సు ఆవిణ్ని వదిలేసి వెళ్లిపోయింది.

“నువ్వు రైట్ అన్నావు కండక్టరమ్మా. అంటేనే కదిపాను” అని ఆయన.

“నోట్లో టీ పెట్టుకుని రైట్ ఎలా అంటానండీ? ఎవడో ప్యాసింజరు అరిచుంటాడు. ఇన్నేళ్లు పక్కన పనిచేసి నా గొంతు గుర్తుపట్టలేదా మీరు?” అని అక్క.

ఇదే కేసు, ఇవే వాదనలు, ప్రతి ఆదివారం. మొదట్లో అక్కడి నర్సులు కంగారుపడి పరిగెత్తుకొచ్చేవారు. తర్వాత వాళ్లకీ అర్థమైంది. గొంతు పోయేలా అరుచుకునేవారు, అరుచుకున్నంత సేపూ ఇద్దరి మొహాలూ వెలిగిపోతుండేవి. వారమంతా మా అక్క బతికేది ఆ గంట కోసం.

ఇలా ఉండగా పాత కారు పొగ కక్కడం మొదలుపెట్టింది. నేను దాన్ని ఎక్స్ఛేంజికిచ్చి కొత్తది కొన్నాను. షోరూములో సేల్స్‌మన్ పలకంత తెర మీద వేలు పెట్టి, లోపలి దీపాల రంగులు మార్చి చూపించాడు. నీలం, ఆకుపచ్చ, గులాబీ. నేను గుడ్లప్పగించి చూస్తుండిపోయాను. సంతకం పెట్టేటప్పుడు కూడా నా కళ్లకి కాగితం గులాబీ రంగులోనే కనిపించింది.

ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటే బయటపడింది. యాష్‌ట్రే లేదు. మా ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్లు లేరు, కానీ పిన్నీసులూ, అక్క దగ్గుబిళ్లలూ ఉండేది అందులోనే. చిల్లర నిలబెట్టే గాడి లేదు. పార్కింగు చీటీ దోపుకునే క్లిప్పు లేదు. మా ఆవిడ బొట్టు సరిచేసుకునే అద్దం లేదు. అన్నిటికన్నా ఘోరం, నాది కళ్లజోళ్ల షాపు, కానీ నా బండిలో కళ్లజోడు పెట్టుకునే అర లేదు. పాత కారులో పైన బుల్లి పెట్టె ఉండేది, నొక్కితే నెమ్మదిగా తెరుచుకునేది. ఇప్పుడు దాని చోట నున్నటి గుడ్డ ఉంది.

“ఊరందరికీ చూపు అమ్ముతారు” అంది మా ఆవిడ. “కొనేముందు మీరొకసారి చూసుకోవద్దా?”

“చూశాను. దీపాలు చూశాను.”

“ఆ దీపాల వెలుగులో మిగతావి కూడా చూడాల్సింది.”

కానీ హ్యాండిల్ సంగతి అప్పటికి నాకూ తట్టలేదు, తనకీ తట్టలేదు.

ఆ ఆదివారం బండిని గేటుకి ఆనించినంత దగ్గరగా నిలబెట్టాను. అక్క ఉండేది మా కింది వాటాలోనే. గోడ పట్టుకుంటూ నెమ్మదిగా వచ్చింది. రంగు బాగుందంది. ఎక్కి కూర్చుంది. చెయ్యి పైకి లేచింది. అక్కడ ఏమీ లేదు. ముందుకి తడిమింది, వెనక్కి తడిమింది, తలెత్తి చూసింది.

“ఏదిరా?”

“ఏదక్కా?”

“పట్టుకునేది.”

నేనూ తలెత్తి చూశాను. నాలుగు తలుపుల మీదా వెతికాను. ఎక్కడా లేదు.

“ఇప్పటి బండ్లకి ఉండదక్కా. ఇది కుదుపుల్లేని బండి. పట్టుకునే అవసరమే రాదు.”

“అని ఎవరు చెప్పారు?”

“సేల్స్‌మన్.”

“నువ్వు నడుపుతుంటే వాడు పక్కన కూర్చున్నాడా?”

“అక్కా, రైట్ అను, పోదాం. ఆయన ఎదురుచూస్తుంటారు.”

“పట్టుకోలేదుగా.”

“పట్టుకోకపోతే ఏమవుతుంది?”

“పట్టుకోకుండా రైట్ నేనెప్పుడూ చెప్పలేదు. ఈ వయసులో మొదలుపెట్టను.”

ఇంతలో వెనక నీళ్ల ట్యాంకరు వచ్చి హారన్ మోగించడం మొదలుపెట్టింది. ఇరుకు సందు, వాడికి దారి లేదు. నాకు తిక్కరేగింది. రైటూ లేదు గీటూ లేదని బండి కదిపాను. మూరెడు కదిలిందో లేదో, “హోల్డాన్” అని కేకేసింది. బస్సు ఆపడానికి కండక్టర్లు వేసే కేక అది. నా కాలు నన్నడక్కుండానే బ్రేకు మీద పడింది. అక్క తలుపు తీసి, గేటు ఊచ రెండు చేతుల్తో పట్టుకుని దిగి, లోపలికి వెళ్లిపోయింది.

లోపలికెళ్లి హోముకి ఫోన్ చేసి, తమ్ముడి బండి పాడైంది, ఈ వారం రాలేనని చెప్పింది. షోరూమునుంచి వచ్చి వారం తిరగని బండి. సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. ఎదురింటాయన నాకు తన మెకానిక్ నంబరు కూడా ఇచ్చాడు.

“ఇది పంతం కాకపోతే ఏమిటి?” అన్నాను మా ఆవిడతో. “పింఛను తీసుకుంటున్నా డ్యూటీ దిగలేదు ఈవిడ.”

“మీ ఇంటి సొత్తేగా పంతం. ఆవిడేమన్నా బయట్నుంచి తెచ్చుకుందా? ఏదో ఒకటి తగిలించండి, పోయేదేముంది” అంది మా ఆవిడ.

సరేనని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పాత సామాను అంగట్లో కొన్న హ్యాండిల్ ఒకటి పట్టుకెళ్లి, పైన బిగించమన్నాను. అతను ఆ గుడ్డ మీద వేలితో తట్టి చూశాడు.

“ఇక్కడ డ్రిల్లు పెట్టను సార్. దీని వెనక గాలిసంచి మడతపెట్టి ఉంది. బండి దేనికన్నా గుద్దుకున్నప్పుడు తెరుచుకోవాలి. నేను కన్నం పెడితే ఇప్పుడే తెరుచుకుంటుంది, మనిద్దరి మొహాల మీద.”

“పోనీ పక్కకి పెట్టు.”

“పక్కంతా సంచే.”

“మా అక్క ఎక్కనంటోందయ్యా.”

“సీటుబెల్టు పెట్టుకోమనండి సార్, ఎక్కడికీ పోరు.”

ఎక్కడికీ పోకపోవడమే కదా నా బాధ. ఆ మాట అతనికి చెప్పి లాభం లేదని హ్యాండిల్ జేబులో వేసుకుని వచ్చేశాను.

అప్పుడు మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. బాత్రూం సామాన్ల షాపునుంచి, గోడకి రబ్బరు కప్పులతో అంటుకునే హ్యాండిల్ ఒకటి తెచ్చింది. దాన్ని కారు అద్దానికి అంటించి, తను పట్టుకుని వేలాడి మరీ చూసింది. ఊడలేదు. అక్కని పిలిచాం. అనుమానంగా చూసింది, ఎక్కింది, పట్టుకుంది, లాగి చూసింది.

“రైట్” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. కాలనీ చుట్టూ ఒక తిప్పు తిప్పి తెద్దామని బయల్దేరాను. సందు దాటామో లేదో చలిగా ఉంది, ఏసీ తగ్గించమంది. పాత బండిలో గుండ్రటి పిడి ఉండేది, కళ్లు రోడ్డు మీదే ఉంచి తిప్పేవాణ్ని. ఇప్పుడు అన్నీ తెర లోపలే. వేలు పెట్టాను, రేడియో మోగింది. ఇంకోచోట పెట్టాను, బండంతా గులాబీ రంగైంది. మూడోసారి పెడితే నలుమూలల్నుంచీ మా బావమరిది గొంతు వినపడింది.

“హలో, చెప్పు బావా.”

“ఏం లేదురా, పెట్టెయ్. ఏసీ తగ్గిస్తున్నాను.”

“ఏసీ తగ్గించడానికి నాకెందుకు చేశావు?”

“రోడ్డు చూడరా ముందు” అని అక్క.

“అక్కయ్యగారు కూడా ఉన్నారా? నమస్కారమండీ” అని వాడు.

ఈ గోలలో మలుపు వచ్చింది. కొంచెం గట్టిగానే తిప్పాను. ప్లక్‌మని చప్పుడైంది. చూద్దును కదా, అక్క నా భుజం మీదకి ఒరిగిపోయి ఉంది, చేతిలో హ్యాండిల్ ఉంది, అద్దం మీద రెండు గుండ్రటి మరకలున్నాయి. హ్యాండిల్ని మాత్రం వదల్లేదు, దేనికీ అతుక్కోకపోయినా అలా గాల్లోనే పట్టుకుని కూర్చుంది ఇల్లు చేరేదాకా. నవ్వు ఆపుకోలేక నా కడుపు నొప్పెట్టింది. గేటు పక్కనే ఆపమంది. ఊచ పట్టుకుని దిగి, హ్యాండిల్ మా ఆవిడ చేతికిచ్చింది.

“అమ్మాయ్, దీన్ని బాత్రూంలోనే పెట్టు. నీళ్లున్న చోటే ఉంటుందేమో” అంది.

రెండో ఆదివారం టాక్సీ పిలిచాను. అదీ కొత్త బండే. అక్క గుమ్మంలోంచే వంగి లోపలికి చూసింది.

“పైన ఏముంది బాబూ?”

“టాప్ ఉంది మేడమ్” అన్నాడు డ్రైవరు, పాపం, అయోమయంగా.

అక్క వెనక్కి తిరిగింది. టాక్సీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆరోజు ఆవిడతో నేను మాట్లాడలేదు. వారం రోజులుగా నా బండి పాడైందని ఊరంతా చాటుతూ, నేను పడుతున్న పాట్లు చూస్తూ కూడా దిగిరాకపోతే ఎలా? చిన్న హ్యాండిల్, అరచెయ్యంత ఉండదు. దానికోసం ఇంత రభస ఏమిటని నా కోపం.

ఆ సాయంత్రమే హోమునుంచి ఫోన్ వచ్చింది. అక్క స్పీకర్లో పెట్టింది.

“కండక్టరమ్మా, బండి బాగైందా?” డ్రైవరుగారి గొంతు.

“ఇంకా లేదండీ.”

“వచ్చే ఆదివారానికి బాగుచేయించమను. మర్నాడు మా అమ్మాయి వచ్చి నన్ను వాళ్ల ఊరు తీసుకుపోతోంది. దూరం. మళ్లీ ఇటు రావడం ఉండదు.”

అక్క ఫోన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

“రెండు వారాలుగా ఇక్కడ పోట్లాడేవాళ్లు లేక పిచ్చెక్కుతోంది నాకు. అందరూ సరేనండీ, అలాగేనండీ అంటారు. ఏమిటో, బతికున్నట్టే లేదు” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుని, తనెప్పుడూ కూర్చునే ఎత్తు స్టూలు మీద అలాగే ఉండిపోయింది. ముక్కు మీద కోపం, ఆదివారం వెలుగు తప్ప ఆ మొహంలో ఇంకోటి నేనెప్పుడూ చూసెరగను. మొదటిసారి అది భయపడ్డ మొహంలా కనిపించింది. నా కోపం ఎటు పోయిందో పోయింది. పాత బండి ఎవరైనా కొన్నారేమో, ఒక్కరోజు అద్దెకిమ్మందామని ఎక్స్ఛేంజి యార్డుకి పరిగెత్తాను. దాన్ని అప్పుడే ముక్కలు చేసి అమ్మేశారట. నా జేబులో ఉన్న హ్యాండిల్ దానిదేనేమో కూడా నాకు తెలీదు.

మూడో ఆదివారం పొద్దున్నే అక్క తయారై గేటు దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో సంచీ.

“తియ్యి బండి” అంది.

మా ఆవిడ నేనూ వస్తాను వదినా అంది. అక్కర్లేదంది అక్క. ఎక్కింది. చెయ్యి ఈసారి పైకి లేవలేదు. సీటుబెల్టు బారెడు లాగి, భుజం దగ్గర పిడికిట్లో బిగించి పట్టుకుంది. తర్వాత, నాకు వినపడీ వినపడనట్టు, రైట్ అంది. నేను పొంగిపోయాను. పంతం దిగింది, మొత్తానికి గెలిచానని దారంతా ఈల వేసుకుంటూ నడిపాను. ఏసీ జోలికి పోలేదు.

గుట్ట ఎక్కి, హోము ముందు ఖాళీ స్థలంలో ఆపాను. వరండాలో కుర్చీలో డ్రైవరుగారు కూర్చుని ఉన్నారు. బండి చప్పుడుకి ఇటు తిరిగారు. నేను దిగి అక్క వైపు వెళ్లి తలుపు తీశాను.

“దా అక్కా.”

“నువ్వు నడువు. ఆయన పక్కన నాకు కుర్చీ వేయించు. వస్తాను.”

“దిగు, కలిసి వెళ్దాం.”

“చెప్పింది చెయ్యరా.”

మళ్లీ మొదలైందిరా బాబూ అనుకుంటూ నడిచాను. వరండా మెట్టు దగ్గర ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. అక్క రెండు కాళ్లూ బయట పెట్టింది. చెయ్యి తలుపు చట్రం మీద వేసి లేవబోయింది. చెయ్యి జారింది, సీట్లో పడిపోయింది. రెండో చేత్తో ముందున్న డ్యాష్‌బోర్డు అంచు పట్టుకుని మళ్లీ లేవబోయింది. అరచెయ్యంత కూడా లేవలేకపోయింది. చుట్టూ చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. పక్కన గేటు లేదు, గోడ లేదు. ఇంకోసారి ప్రయత్నించింది.

నేను అక్కడే నిలబడిపోయాను. గేటు పక్కనే ఆపమని ఎందుకందో, టాక్సీ ఎందుకెక్కలేదో, ఇంట్లో ఎప్పుడూ ఎత్తు స్టూలు మీదే ఎందుకు కూర్చుంటుందో అప్పుడు తలకెక్కింది. పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్లాను.

చెయ్యి చాచాను.

“తియ్యి. లేస్తాను నేనే” అంది.

“పట్టుకో అక్కా.”

“నేను జనాన్ని చెయ్యిచ్చి ఎక్కించినదాన్నిరా. నన్నొకరు దించక్కర్లేదు.”

“ఏమిటి ఆలస్యం, కండక్టరమ్మా?” అని వరండాలోంచి డ్రైవరుగారు కేకేశారు. “ఇవాళ కూడా టీ తాగుతున్నావా?”

అక్క ఆయన వైపు చూసింది. నా చేతి వైపు చూసింది. తర్వాత పట్టుకుంది. పట్టుకుని లేస్తుంటే మనిషి మొత్తం బరువు నా చేతి మీదకి వచ్చేసింది. కాళ్లు మోస్తున్నదంటూ ఏమీ లేదు. నేను తూలి కారుకి ఆనుకున్నాను. పైన ఆ అరచెయ్యంత ముక్క ఇన్నాళ్లూ ఇంత బరువు మోసిందా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు.

“ఎప్పట్నుంచి అక్కా, కాళ్లు ఇలా?”

“చాలా రోజులైంది.”

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“హ్యాండిల్ ఉందిగా. నీతో చెప్పే పనేముంది?” అంది. “ఏడుపాపి సరిగ్గా నిలబడు. ఊగిపోతున్నావు.”

నేను కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను. వరండా మెట్లెక్కి ఆయన పక్క కుర్చీ చేరేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.